క్యాలెండర్ వెనక చీటీ

మా మరిది తన చేతి గడియారం విప్పి మా ఏడేళ్ల వాడికి పెట్టాడు. అది మోచేతి దాకా జారితే మేకు వేడి చేసి పట్టీకి ఇంకో రెండు బెజ్జాలు పొడిచాడు. నేను చపాతీలు ఒత్తుతున్నాను. ఏమీ అనిపించలేదు. తర్వాత అటక మీంచి గాలిపటం దారం చుట్టే లటాయి దించి, దుమ్ము తుడిచి, నాలుగేళ్ల పాప ఒళ్ళో పెట్టాడు. విశ్వకర్మ పూజ ఇంకా పది రోజులుంది. ఆ రోజు మా రైల్వే క్వార్టర్ల మీద ఆకాశమంతా గాలిపటాలే. ఆ లటాయిని మరిది సొంత అన్నను కూడా ముట్టనిచ్చేవాడు కాదు. నా చేతిలో చపాతీ కర్ర ఆగిపోయింది.

మరిదికి పదహారేళ్లు. వేసవిలో ఇద్దరు పెద్దవాళ్ళతో కలిసి నిమ్‌పురా రైల్వే యార్డులో రాగి తీగ కోస్తూ పట్టుబడ్డాడు. పద్దెనిమిది నిండని వాళ్ళను ఉంచే హోమ్‌లో రెండున్నర నెలలున్నాడు. శ్రీకాకుళం దగ్గర అమ్మమ్మగారి ఊరు వెళ్ళాడని అందరికీ చెప్పాం. మా పిల్లలకూ అదే చెప్పాం.

బెయిలు మీద వచ్చాక హోమ్ నుంచి, అక్కడి పిల్లల మంచిచెడ్డలు కనుక్కునే దీదీ ఒకామె వాణ్ణి చూడ్డానికి వచ్చింది. పద్దెనిమిది నిండలేదు కాబట్టి ఈ కేసు రేపు ఉద్యోగానికి అడ్డం రాదని చెప్పింది. మా మామగారు రెండు చేతులూ జోడించారు. వెళ్తూ ఆమె నాకొక చీటీ ఇచ్చింది. నిద్ర లేదు, తిండి లేదు, మనసు డాక్టరుకు వెంటనే చూపించండి, ఒంటరిగా వదలకండి అని ఇంగ్లీషులో ఉంది. ఇంట్లో ఇంగ్లీషు చదివేది నేనే. చదివి చెప్పాను. రైల్వే ఆసుపత్రిలో చూపిస్తే కార్డు మీద ఎక్కుతుందని, రేపు ఉద్యోగంలో చేరే ముందు మెడికల్ పరీక్షలో అదే పట్టుకుంటారని మామగారన్నారు. రైల్వే వర్క్‌షాపులో నలభై ఏళ్లు పనిచేసిన మనిషి. దొంగతనం చెరిగిపోతుంది, పిచ్చి మాత్రం చెరగదని ఆయన లెక్క. చీటీని క్యాలెండర్ వెనక దోపారు. నేను డిగ్రీ చదివాను. నాకూ ఆ లెక్క సబబుగానే తోచింది. నెల గడిచింది.

పొయ్యి ఆపి వాడి పక్కన కూర్చున్నాను. పిల్లల్ని అత్తగారి దగ్గరకు పంపాను.

"వాచీ ఇచ్చేస్తే నీకు టైమెలాగ తెలుస్తాదిరా?"

"నాకింకేటి పని వదినా టైముతోటి."

అడగకూడదేమో అనుకుంటూనే అడిగేశాను. "సచ్చిపోవాలనిపిస్తోందా?"

వాడు గోడకేసి చూశాడు. "అక్కడున్నప్పుడు లేదు వదినా. ఇంటికొచ్చినాకే." మళ్ళీ తనే అన్నాడు. "అమ్మమ్మ ఊళ్ళో వానలు పడ్డాయా అని దుకాణంకాడ అడుగుతారు. పడ్డాయంటాను. తాటిముంజలు తిన్నావా అంటారు. తిన్నానంటాను. ఎన్నని సెప్పను?"

నాకు ఏడుపు రాలేదు. చేతికంటిన పిండి ఎండి బిగుసుకుంటుంటే గిల్లుకుంటూ కూర్చున్నాను. తర్వాత వెళ్ళి క్యాలెండర్ వెనక నుంచి చీటీ తీశాను. మామగారు కుర్చీలోంచి చూశారు. రేపు ఆసుపత్రికి తీసుకెళ్తానని చెప్పాను.

"మరి మెడికల్..." అని ఆగిపోయారు. వాడు చెప్పింది చెప్పాను. ఆయన కండువా ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. అత్తగారు వాడి పక్కన చాప పరిచింది. మా ఆయన నైట్ డ్యూటీలో ఉన్నారు. ఫోనులో చెబితే, తెల్లారగానే నేరుగా ఆసుపత్రికి వస్తాను, వాణ్ణి వదలొద్దు అన్నారు. ఆ రాత్రి అత్తగారూ నేనూ వంతులేసుకుని మెలకువగా ఉన్నాం.

పొద్దున టేబుల్ మీద మామగారి ఆసుపత్రి కార్డు ఉంది. ఆయనే తీసి పెట్టారు. మరిది చొక్కా వేసుకుని గుమ్మంలో కూర్చున్నాడు. పిల్లలు పాలు తాగుతున్నారు. పిల్లాడి చేతికి ఇంకా ఆ గడియారం.

మరిది వింటుండగానే వాళ్ళకు చెప్పాను. "బాబాయి అమ్మమ్మగారి ఊరు వెళ్ళలేదు. తప్పు చేసి పట్టుబడితే ఒక హోమ్‌లో ఉంచారు. మేం మీకు అబద్ధం చెప్పినాం. ఇప్పుడు మనసు బాగోలేదు, డాక్టరు దగ్గరకెళ్తున్నాం. ఎవరైనా అడిగితే ఇదే చెప్పండి. వాచీ, లటాయి మీవి కావు. బాబాయి అడిగేదాకా దాచండి."

పిల్లాడు గడియారం విప్పబోయాడు. బెజ్జం కొత్తది, బిగుతుగా ఉంది.