వరదయ్య మగ్గం మరమ్మతు

పుత్తూరులో లుంగీలు నేసే వరదయ్య పన్నెండో ఏట మగ్గం గుంటలోకి దిగాడు. పెళ్ళిళ్ళకూ చావులకూ తప్ప పగటిపూట పైకొచ్చింది తక్కువ. ముప్పైనాలుగేళ్ళు వంగిన నడుము ఊరుకుంటుందా? పంతొమ్మిది వందల ఎనభైమూడు ఎండాకాలంలో ఎదురు తిరిగింది. పిరుదు నుంచి మడమ దాకా ఎడమకాలు నిప్పు పెట్టినట్టు మండేది.

తిరుపతి పెద్దాసుపత్రి డాక్టరు పరీక్షలన్నీ చేశాడు. పూసల మధ్య మెత్త అరిగి, పక్కకు జారి, కాలికిపోయే నరాన్ని నొక్కుతోందన్నాడు. "నొప్పి ఒక్కదానికే ఆపరేషన్ చెయ్యను. చాలామందికి మందులతోనే తగ్గుతుంది. కాని కాల్లో బలం తగ్గినా, మూత్రం రాకపోయినా ఆ రోజే రావాలి" అన్నాడు.

వరదయ్య చెవికి మొదటి మాటే ఎక్కింది. వెన్నుకు కత్తి తగిలితే ఇక మంచమే గతి అని వీధంతా అనేది. కాలు ఆడని నేతగాడిని పనికి ఎవరు పిలుస్తారు? ఆ భయం ముందు నొప్పి ఏపాటిది!

మందులు మింగుతున్న ఆరో వారం ఒక పొద్దున నొప్పి మాయమైంది. ఏడుకొండలవాడికి దండం పెట్టి గుంటలోకి దిగాడు. నాలుగు పోగులు పడ్డాయో లేదో, ఎడమకాలితో తొక్కే పలక దిగనని మొరాయించింది. పలకకు కట్టిన తాడు బిగుసుకుందని సడలించాడు. మర్నాడు పలక అంచు చెక్కాడు. మూడోనాడు కొత్త తాడే కట్టాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, పాపం ఆ మగ్గాన్ని తిట్టని తిట్టు లేదు.

నాలుగోనాడు, నూలు కండెలు చుడుతున్న భార్య పంకజాక్షికి విసుగొచ్చింది. "పైకి రా, నేను తొక్కి సూస్తా" అని గుంటలో కూర్చుంది. పలక మెత్తగా దిగిపోయింది.

"పలక బాగానే ఉండాది. నీ కాలు ఈడ పెట్టు" అని అతని పాదం కింద అరచెయ్యి ఆనించింది. "నా చేతిని తొయ్యి."

వరదయ్య పళ్ళు బిగించాడు.

"తొయ్యబ్బా!"

"తోస్తానే ఉండాను మే."

పంకజాక్షి చెయ్యి కదల్లేదు. ఇద్దరికీ గుండెల్లో రాయి పడింది. ఉన్నపళంగా తిరుపతి బస్సెక్కారు. దారిలో వడమాలపేట దాటేదాకా ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

డాక్టరు అతన్ని మునివేళ్ళ మీద నిలబడమన్నాడు. ఎడమ మడమ నేల విడవలేదు.

"నరం బాగుపడి నొప్పి పోలేదు వరదయ్యా, నరం చచ్చుబడుతోంది. ఇప్పుడు ఆపరేషన్ తప్పదు. కాలు పూర్తిగా తిరిగొస్తుందని మాటివ్వలేను. ఆలస్యమైతే మాత్రం రాదు. ఎన్నాళ్ళైంది ఇట్లా?"

"నాలుగు దినాలు సార్."

"నాలుగు రోజులు ఏం చేశావయ్యా?"

"మగ్గం బాగుచేసుకుంటా ఉంటి సార్." పంకజాక్షి కొంగు నోట్లో కుక్కుకుంది.

డాక్టరు ఆపరేషన్ ఒప్పుదల కాగితం ముందుకు జరిపి, "రేపు పొద్దున చేద్దాం. ఈలోగా మీ పెద్దవాళ్ళతో మాట్లాడుకో" అన్నాడు.

వరదయ్య అక్కడికక్కడే సంతకం పెట్టేశాడు.

"ఎవరితోనూ మాట్లాడేది లేదు సార్. రేపటిదాకా ఎందుకు? ఈ పొద్దే కోసెయ్యండి."