జడ్జి మనవాళ్ళేనా?

విడాకుల మాట వచ్చినప్పుడు నా భర్త కోర్టుకు వెళ్ళలేదు. బుకిట్ పంజాంగ్‌లోని మా ఫ్లాట్‌కే ముగ్గురు పెద్దమనుషులను పిలిపించాడు. తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్‌లో టిష్యూ ప్యాకెట్ పెట్టి ఈ బల్ల నాదని చోప్ చేసుకున్నట్టు వాళ్ళను ముందే తనకోసం పట్టిపెట్టుకున్నాడు. ఒకాయన అతని పెదనాన్న కొడుకు, ఇంకొకాయన ఆఫీసులో పై అధికారి, మూడో ఆయన ఆ ఇద్దరూ ఎటంటే అటు తల ఊపే మనిషి. నేను వేసిన పెసరట్లు తిని, మా పాప తండ్రి దగ్గరే ఉండాలని తేల్చేశారు. అల్లం పచ్చడి బాగుందన్నారు కూడా. వాళ్ళ నోళ్ళు పడిపోవాలని కోరుకున్నాను. ఇప్పటికీ కోరుకుంటున్నాను.

నేనే కోర్టుకెక్కాను. నా లాయరు తమిళావిడ, ఓపిగ్గా చెప్పింది. ధర్మం చూసే కోర్టు వేరుగా, చట్టం చూసే కోర్టు వేరుగా ఒకప్పుడు ఇంగ్లండులో ఉండేవట. ఈ దేశంలో ఏ జడ్జి కూర్చున్నా రెండూ చూడాలి. మాలాంటి గొడవలకు ఫ్యామిలీ కోర్టు, దానిపైన హైకోర్టు. హైకోర్టు జడ్జీలను ప్రధానమంత్రి సలహా మీద దేశాధ్యక్షుడు నియమిస్తాడు. ఏ కేసు ఎవరి ముందుకు వెళ్ళాలో కోర్టువాళ్ళే చూసుకుంటారు, మన ఇష్టం కాదు. ఆ మాటతో నాకు ప్రాణం లేచొచ్చింది.

నా భర్త ఊరుకుంటాడా? జురాంగ్ ఈస్ట్‌లో ఉండే, ఇక్కడి తెలుగువాళ్ళందరినీ ఎరిగిన ఒక అంకుల్‌కు ఫోన్ చేశాడు.

"జడ్జి ఎవరో కాస్త కనుక్కోండి అంకుల్. మనవాళ్ళేనా?"

తీరా చూస్తే జడ్జి చైనీసావిడ. ఇంటిపేరు పట్టుకుని ఊరూ కులమూ లాగే విద్య ఆమె దగ్గర ఏం పనికొస్తుంది? అతని ముఖం మాడిపోవడం చూసి నా కడుపు చల్లబడింది.

ఆమె పాపతో విడిగా మాట్లాడింది. మా ఇద్దరి మాటా పూర్తిగా వింది, ఒక్కసారి కూడా విసుక్కోలేదు. చివరికి పాప తండ్రి దగ్గర ఉండాలని, శని, ఆదివారాలు నా దగ్గరికి రావాలని తీర్పు చెప్పింది.

బయటికి రాగానే పాపను ఆపి, లోపల ఏం చెప్పావే అని అడిగాను. ఇక్కడి పిల్లల్లాగే మాట చివర 'లా' తగిలించి చెప్పింది.

"ట్రూత్ ఓన్లీ లా, అమ్మా. డాడీ దగ్గర క్వైట్‌గా ఉంటుంది."

ఆ ముగ్గురూ గుర్తొస్తే ఈరోజుకీ నోరారా తిట్టుకుంటాను. జడ్జిని తిట్టబోతే నోరు రావడం లేదు. ఆమె ఎవరి మనిషీ కాదు.