ఫిర్యాదు చేయబోయి భోజనం చేసి వచ్చాను

ఉద్యోగంలో చేరిన కొత్తలో, అంటే మర్యాదగా ఉంటే పనులవే జరుగుతాయని నేను నమ్మిన ఆ రోజుల్లో, భీమవరం దగ్గర రొయ్యల ఫ్యాక్టరీలో కంప్యూటర్ ముందు కూర్చునేదాన్ని. ఫ్యాక్టరీ మొత్తాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్ ఒకటి అప్పుడే తెప్పించారు. మహా తెలివైనది. చెరువులో వల వేయకముందు ఆర్డరులో రాసిన బరువూ, గేటు దగ్గర కాటా మీద లారీలోని సరుకు తూగిన బరువూ ఒకటైతేనే లోపలికి రానిచ్చేది. ఎన్ని రొయ్యలు పడతాయో ముందే చెప్పగల రైతు మా జిల్లాలో ఇంకా పుట్టలేదు. అంచేత సాఫ్ట్‌వేర్ వాళ్లు హైదరాబాదు నుంచి తాళం తీసేదాకా లారీలు ఎండలో నిలబడేవి. ఐసు కరిగేది, రొయ్య మెత్తబడేది, రైతు తిట్లన్నీ కాటా చూసే పెద్దాయనకు తగిలేవి. ఆయన్ని అందరం కాటా బాబాయి అనేవాళ్లం.

ఆ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లందరికీ హైదరాబాదులో పెద్ద హోటల్లో సదస్సు పెడితే, మా ఫ్యాక్టరీ తరఫున నన్ను పంపారు. "అమ్మాయ్, మిగతావి నీ ఇష్టం. గేటు సంగతొక్కటి గట్టిగా చెప్పి రామ్మా. రైతుల మొహం చూడలేకపోతున్నాను" అన్నాడు బాబాయి. వాళ్లను కడిగేసి వస్తానని మాటిచ్చాను.

పొద్దున్నంతా వేదిక మీద ఒకాయన 'డిజిటల్ ప్రయాణం' గురించి చెప్పాడు. (మా లారీలకు గేటు దాటడమే ప్రయాణం.) మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆయనే నా పక్కకొచ్చి, "ఏంటి మేడమ్, ఏం తినట్లేదు? ఇంకో ముక్క వేయించుకోండి" అని దగ్గరుండి వడ్డింపించాడు. నా కొంప అక్కడే మునిగింది. తిని చేయి కడుక్కోగానే మైకు నా మూతి దగ్గర పెట్టి, "గోదావరి జిల్లా నుంచి వచ్చిన మేడమ్ గారూ, మా సాఫ్ట్‌వేర్‌తో ఏమైనా ఇబ్బందులున్నాయా?" అన్నారు. అన్నం పెట్టినవాళ్లను అదే పూట తప్పుపట్టడం మా వైపు ఎక్కడైనా ఉందా? (మా పెద్దత్త ఒక పెళ్లిలో ఉప్పు పడ్డ పాయసాన్ని అడిగి మరీ రెండోసారి వేయించుకుంది.) "అయ్యో, ఇబ్బందేం లేదండి! చాలా బాగుందండి!" అంది నా నోరు. చప్పట్లు మోగాయి. శాలువా కప్పి ఫొటో కూడా తీశారు.

వారం తిరక్కుండా ఉత్తరం వచ్చింది. మీ ప్రతినిధి నిండు సభలో తృప్తి వెలిబుచ్చారు కనుక గేటు గురించిన మీ పాత ఫిర్యాదును మూసివేస్తున్నాం, అని. బాబాయి దాన్ని రెండుసార్లు చదివాడు.

"భోజనం బాగా పెట్టారా అమ్మా?"

"బాగానే పెట్టారు బాబాయ్."

"మరింకేం చెప్తావులే" అని తలకు తువ్వాలు చుట్టుకుని గేటు దగ్గరకు వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది. మళ్లీ ఫిర్యాదు రాయాలంటే నేనన్నది అబద్ధమని ఒప్పుకోవాలి. ఒప్పుకోలేదు. బాబాయి రిటైరయ్యేదాకా ఆ ఎండలోనే నిలబడ్డాడు.

మొన్న మళ్లీ అలాంటి సదస్సుకే వెళ్లాను. ఇప్పుడు నేను మేనేజర్ని, నోరు కూడా కాస్త పెరిగింది. పొద్దున్నే, టీ అయినా ముట్టకుండా, మైకు లాక్కుని గేటు సంగతంతా చెప్పేశాను. వేదిక మీది కుర్రాడు కంప్యూటర్‌లో ఏదో వెతికి, ఎంతో వినయంగా అన్నాడు: "అది ఎప్పుడో సరిచేశామండి. మీరొచ్చిన ఆ సదస్సు తర్వాత ఆరు నెలలకే. అడిగినవాళ్లందరికీ పంపాం. మీరు తృప్తిగా ఉన్నవాళ్ల జాబితాలో ఉన్నారండి, అందుకని మిమ్మల్ని ఇబ్బంది పెట్టలేదు."

శాలువా కప్పుకుని ఫొటోలో పళ్లికిలించిన ఆ పిల్లను తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. బాబాయికి మాత్రం ఈ మాట ఇంకా చెప్పలేదు.