సంగావ్ నడుమున ఉన్నది వస్తువు కాదు

సంగావ్‌కి దారి తెలియదని అతని అరవై ఒకటో ఏట తేలింది. తేల్చింది ప్రభుత్వం.

ఎంగ్లాయి నది వెంట ఎగువకి వెళ్లి, కొండ దాటించి, అవతలి నది పుట్టే చోటు దాకా యాత్రికుల్ని నడిపించడం అతని పని. ముప్పై ఏళ్లుగా అదే చేస్తున్నాడు. ఒక్క మనిషినీ పోగొట్టలేదు. ఒక స్వీడన్ ప్రొఫెసరు తనంతట తానే తప్పిపోయాడు గానీ అది లెక్కలోకి రాదు. రెండు గంటల్లో అతన్ని ఒక బురదగుంటలోంచి లాగి, కాఫీ కాచి ఇచ్చి, ఎక్కడికెళ్లావని అడగకుండా వదిలేశాడు సంగావ్. పెద్దమనిషి మర్యాద కాపాడాలి కదా.

ఆ ఏడు కొత్త నియమం వచ్చింది. రక్షిత అడవిలోకి జనాన్ని తీసుకెళ్లే ప్రతివాడి దగ్గరా దిక్సూచి పట్టుకుని నడవగలడని సర్టిఫికెట్ ఉండాలి. లేనివాడికి జులై నుంచి గేటు తెరవరు. ఆ గేటు వెనకనున్న కాలిబాటని తీసింది సంగావ్, అతని తండ్రీ కలిసి. ఆ సంగతి గేటుకి తెలియదు.

గేటు తెరవకపోతే ఏమవుతుందో మాత్రం సంగావ్‌కి బాగా తెలుసు. ఇరవై రెండు గుమ్మాల, ఇరవై రెండు కుటుంబాల వాళ్ల పొడుగింటికి ఒకటే వరండా. దాని చివర ముసలివాళ్లు వరసగా కూర్చుని వలలు అల్లుతుంటారు. ఆ వరసలో చేరినవాళ్లు చాలామందే ఉన్నారు. లేచి మళ్లీ పనిలోకి వెళ్లినవాడు ఒక్కడూ లేడు.

"చదువుకోడానికి వెళ్తున్నావా, అపాయ్ రిందా? పలక కొనమంటావా?" అంది అతని భార్య. పెద్దకూతురు రిందా పుట్టినప్పటినుంచి ఆమె అతనికి అపాయ్ రిందా, అతనికి ఆమె ఇందాయ్ రిందా. రిందా తండ్రి, రిందా తల్లి. ఆ పిలుపులకి ముందు వాళ్లకి సొంత పేర్లుండేవి గానీ, ఇప్పుడు అవి గుర్తింపు కార్డుల మీదే వాడుకలో ఉన్నాయి.

"మూడు రోజులేగా."

"ఒకటో తరగతి కూడా మూడు రోజులే అనుకుని వెళ్లావుట. మీ అమ్మ చెప్పింది. మూడేళ్లు పట్టిందట."

సంగావ్ దుకు నడుముకి కట్టుకుని పడవెక్కాడు. మూరెడు పొడుగు అడవికత్తి, దానికో చెక్క ఒర, ఎర్రతాడు. ఎనిమిదో ఏట తండ్రి కట్టిన చోటే, ఎడమ తుంటి మీద, ఇప్పటికీ ఉంది. తాడు మాత్రం నాలుగైదు సార్లు మారింది.

శిక్షణ కేంద్రం పట్నం అంచున, పాత రబ్బరు తోట పక్కన ఉంది. నేర్చుకునేవాళ్లు నలుగురు. ఒకరు సంగావ్. రెండోవాడు పక్క పొడుగింటి జరోప్. సంగావ్ కంటే రెండేళ్లు చిన్న, మాటల్లో ఇరవై ఏళ్లు పెద్ద. మిగతా ఇద్దరూ కూచింగ్ నగరం నుంచి ఒక యాత్రల కంపెనీ పంపిన కుర్రాళ్లు. వాళ్ల బూట్లకి బురద ఎలా ఉంటుందో ఇంకా తెలియదు.

నేర్పేవాడి పేరు క్లెమెంట్. ఇరవై ఎనిమిదేళ్లు. వీళ్లలాగే ఇబాన్ తెగవాడే గానీ పుట్టి పెరిగింది నగరంలో. గడ్డం కింద తాడున్న టోపీ పెట్టుకుంటాడు, గదిలో కూడా. అందరూ అతన్ని చిక్గు అంటారు, మాస్టారని. అతను పెద్దవాళ్లిద్దర్నీ ఆకి అంటాడు, తాతా అని. ఆ మర్యాదతోనే వాళ్లకి సున్నా మార్కులు వేయగలడు.

"మొదటి నియమం," అన్నాడు క్లెమెంట్, పుస్తకం తెరిచి. "ఇనుప వస్తువులేవీ దిక్సూచి దగ్గర ఉండకూడదు. ముల్లు పక్కకి లాగేస్తుంది. ఎవరి దగ్గర ఏమున్నా ఈ పళ్లెంలో పెట్టేయండి."

తాళాలు, ఫోన్లు, చిల్లర పళ్లెంలో పడ్డాయి. సంగావ్ పొగాకు డబ్బా పెట్టాడు. జరోప్ గోళ్లు తీసుకునే కత్తెర పెట్టి, కాస్త ఆలోచించి బెల్టు కూడా విప్పి పెట్టాడు. ప్యాంటు జారుతుంటే దుకు తాడునే ఇంకో ముడి బిగించుకున్నాడు. క్లెమెంట్ పళ్లెం చూసి, నలుగుర్నీ ఎగాదిగా చూసి, తృప్తిగా తలూపాడు.

"ఇప్పుడు చెప్పండి ఆకి, ఉత్తరం ఎటు?"

సంగావ్ ఆలోచించాడు. "ఏ నది దగ్గర?"

"నదితో పని లేదు. ఉత్తరం ఎక్కడైనా ఉత్తరమే."

"మాకు ఎగువ ఉంది, దిగువ ఉంది. సూర్యుడు పొడిచేవైపు, దిగేవైపు ఉన్నాయి. ఈ ఉత్తరం రేడియోలో వింటుంటాను. వాన ఎప్పుడూ అక్కడే పడుతుందట."

"ఎగువ దిక్కు కాదు ఆకి. కొండ దాటితే మీ ఎగువ దిగువైపోతుంది."

"అవును. అందుకే కొండ దాటామని తెలుస్తుంది."

జరోప్ అందుకున్నాడు. "చిక్గు, చిన్నప్పుడు మీ అమ్మ కొట్టుకి పంపితే ఏమని చెప్పేది? నలభై డిగ్రీలు తిరిగి, రెండొందల అడుగులేసి ఉప్పు పట్టుకురా అనేదా?"

"మాల్ దగ్గర ఎడమకి తిరగమనేది," అన్నాడు క్లెమెంట్ మొహంలో ఏ మార్పూ లేకుండా.

ఆ జవాబుతో జరోప్‌కి అతను కొంచెం నచ్చాడు.

బయటికి తీసుకెళ్లి నేర్పాడు. దిక్సూచిని బొడ్డు ఎత్తులో పట్టుకోవాలి. చెప్పిన అంకె బాణానికి ఎదురొచ్చేలా దాని మీది చక్రం తిప్పాలి. ముల్లు దాని గీతలో కుదిరేదాకా మనిషే తిరగాలి. అప్పుడు బాణం చూపినవైపు అడుగులు లెక్కబెడుతూ నడవాలి. తోటలో ఇరవై కర్రలు పాతి, ఒక్కోదాని మీద ఒక్కో అంకె రాశాడు. సరైన కర్ర చేరినవాడు దాని అంకె రాసుకొస్తాడు. తప్పు కర్ర చేరినవాడూ ఏదో ఒక అంకె రాసుకొస్తాడు. కిటుకంతా అక్కడే ఉంది. ముందు వెళ్లినవాళ్ల అడుగుజాడలు సంగావ్‌కి తెరిచిన పుస్తకం. కానీ అన్ని కర్రలకీ అందరూ తిరిగిన తోటలో ఆ పుస్తకంలో అన్ని పేజీలూ ఒకటే.

అరవై డిగ్రీలు, మూడొందల అడుగులు. బూట్ల కుర్రాళ్లిద్దరూ వెళ్లి పన్నెండు అంకె రాసుకొచ్చారు. సంగావ్ వెళ్లి పందుల దొడ్డి చేరాడు. కాసేపటికి జరోప్ కూడా అక్కడికే వచ్చాడు.

"నువ్వూ ఇక్కడికేనా?"

"అరవై డిగ్రీలంటే ఇదే మరి," అన్నాడు జరోప్. "ఇద్దరికి ఒకేచోట తేలిందంటే తప్పు కర్రది."

మర్నాడు మళ్లీ అంతే. పందులు వాళ్లని గుర్తుపట్టి లేచి నిలబడ్డాయి. క్లెమెంట్ మొదట ఓపిగ్గా మళ్లీ చెప్పాడు. తరవాత నెమ్మదిగా చెప్పాడు. ఆ తరవాత గట్టిగా చెప్పాడు, చెవుడేమోనని. చివరికి, "ఆకి, ఒకరి వెనక ఒకరు నడుస్తున్నారా?" అని అడిగాడు.

సంగావ్‌కి చెంప మీద కొట్టినట్టైంది. తన వెనక నడిచినవాళ్లు పదిహేను దేశాలవాళ్లున్నారు. తను ఒకరి వెనక నడవడం తండ్రి పోయాక మానేశాడు. ఆ సాయంత్రం అద్దంలో కళ్లు పరీక్షించుకున్నాడు. అద్దం దగ్గర కళ్లు బాగానే ఉన్నాయి. అయితే బుర్రే అయ్యుంటుంది. వరండా చివర వలల వాళ్లకి కూడా మొదలైంది ఇలాగే కాబోలు.

మూడో రోజు మధ్యాహ్నం పరీక్ష. పొద్దుటి పడవలో ఇందాయ్ రిందా వెదురు గొట్టంలో కోడికూర వండి పంపింది. పడవ నడిపేవాడు కబురు కూడా అప్పజెప్పాడు. "తప్పినా తిని తప్పమంది, ఆకి."

భోజనాల బల్ల దగ్గర సంగావ్ దుకు దూసి, వెదురుని నిలువుగా చీల్చి, కత్తిని పక్కన పెట్టాడు. అక్కడే దిక్సూచి ఉంది. ముల్లు కదిలింది.

సంగావ్ కూర ముట్టలేదు. దుకుని బల్ల మీద కొంచెం అవతలికి నెట్టాడు. ముల్లు వెనక్కి జరిగింది. దగ్గరికి లాగాడు. ముల్లు పెళ్లిచూపులకొచ్చిన పెళ్లికొడుకులా తల తిప్పి కత్తినే చూసింది. ఈ వైపు, ఆ వైపు, నాలుగు సార్లు చేసి చూశాడు. ఉత్తరం అతని తుంటి మీద వేలాడుతూ ఉంది.

బుర్ర బాగానే ఉందన్నమాట. అప్పుడు కూర లాక్కున్నాడు.

జరోప్‌కి చెప్పాలా అని రెండు ముద్దల సేపు ఆలోచించాడు. ముప్పై ఏళ్లలో జరోప్ తన యాత్రికుల్ని ఎన్నిసార్లు పడవరేవులోనే ఎగరేసుకుపోయాడో గుర్తుచేసుకున్నాడు. అయినా చెప్పాడు, చూపించాడు కూడా.

"నీ దుకు అలాంటిదేమో," అన్నాడు జరోప్, కోడికాలు అందుకుంటూ. "నాది మా తాత కొట్టించింది. అబద్ధాలాడదు."

పరీక్షకి రెండు గంటలు. నాలుగు కర్రలు, నాలుగు అంకెలు. సంగావ్ బయల్దేరే చోట దుకు విప్పి చెట్టుకి తగిలించి పది అడుగులు వేశాడు. ఆగాడు. తుంటి ఖాళీగా ఉంది. నలుగురిలో లుంగీ ఊడినట్టుంది. ముందు ముళ్లతీగలు కమ్మిన పొద, దాని వెనక ఏముందో ఎవడికి తెలుసు. వెనక్కి వచ్చి మళ్లీ కట్టుకున్నాడు.

మరి ముల్లు? అదీ కావాలి. కాబట్టి ఇద్దర్నీ విడివిడిగా తీసుకెళ్లాడు. దుకుని కొమ్మకి తగిలించి, ఇరవై అడుగులు దూరం వెళ్లి దిక్సూచి పట్టుకునేవాడు. బాణం ఎదురుగా పడ్డ చెట్టుని ఆకుల రంగుతో సహా గుర్తుపెట్టుకునేవాడు. తిరిగొచ్చి దుకు కట్టుకుని, తీగలు నరుక్కుంటూ ఆ చెట్టు దాకా అడుగులు లెక్కబెట్టుకుంటూ వెళ్లేవాడు. అక్కడ మళ్లీ కొమ్మ వెతుక్కునేవాడు. దారి పొడవునా ఇదే. మాటల్లేని మొగుడూ పెళ్లాల మధ్య కబుర్లు మోసే చుట్టంలా ఉంది అతని పని.

మధ్యలో వాన పట్టుకుంది. ఒక కొమ్మ మీంచి దుకు తీస్తుంటే చేతికి ఎర్రచీమలు పట్టాయి. బూట్ల కుర్రాళ్లు యాభై నిమిషాల్లో ముగించి కాఫీ తాగుతున్నారు. జరోప్ గంటన్నరలో వచ్చాడు, మూడో అంకె కోసం పందుల దొడ్డి గోడ మీద ఏముందో రాసుకుని. అది టీకాలు వేసిన తేదీ.

సంగావ్ గంటా యాభై ఆరు నిమిషాలకి వచ్చాడు. కాగితం తడిసింది గానీ అంకెలు కనిపిస్తున్నాయి. పన్నెండు, మూడు, పంతొమ్మిది, ఏడు.

క్లెమెంట్ తన పుస్తకంలో చూశాడు. మళ్లీ చూశాడు.

"నాలుగూ సరే ఆకి. కానీ ఇంతసేపెందుకు?"

"ఇద్దర్నీ కలవనివ్వకుండా తీసుకెళ్లాలిగా." సంగావ్ దిక్సూచిని బల్ల మీద పెట్టి, దుకు విప్పి పక్కన ఆనించాడు. ముల్లు తిరిగింది.

క్లెమెంట్ చాలాసేపు ముల్లునే చూశాడు. టోపీ తీశాడు. మూడు రోజుల్లో మొదటిసారి అతనికి జుట్టుందని తెలిసింది.

"మొదటి రోజే చెప్పాను కదా ఆకి. ఇనుప వస్తువులు పళ్లెంలో పెట్టమని."

"చెప్పావు చిక్గు. డబ్బా కూడా పెట్టాను." సంగావ్ దుకు ఒర మీద చెయ్యి వేశాడు. "ఇది వస్తువా?"

క్లెమెంట్ ఆ ఒరని చూశాడు. అతనికీ ఒక తాత ఉండేవాడు. సెలవులకి వెళ్లినప్పుడు ఆ తాత తుంటి మీద ఇలాంటిదే ఉండేది. దాన్ని ఎప్పుడైనా వస్తువని అనుకున్నాడా? మొదటి రోజు నలుగుర్నీ ఎగాదిగా చూసింది తనే. రెండు దుకులు ఎదురుగా వేలాడుతుంటే చూసి తృప్తిగా తలూపింది కూడా తనే.

"మీరు ఉత్తీర్ణులయ్యారు," అన్నాడు చివరికి.

"నేను?" అన్నాడు జరోప్.

"మీరు ఆగస్టులో రండి ఆకి. దుకు ఇంట్లో పెట్టి."

"అది మాత్రం కుదరదు," అన్నాడు జరోప్. ఆగస్టులో వచ్చాడు. దుకుతోనే వచ్చాడు. అప్పటికి గోడ మీద కొత్త బోర్డు ఉంది. తాళాలు, ఫోన్లు, బెల్టులు, దుకులు. క్లెమెంట్ ఆఖరి మాటని ఎర్ర రంగులో రాయించాడు. పందులకి ఇంక అతిథులు రాలేదు.

జులైలో సంగావ్‌కి గేటు తెరిచారు. సర్టిఫికెట్ చూశారు, దిక్సూచి వెంట ఉందా అని అడిగారు. ఉందన్నాడు. అది అతని దగ్గర లేదు. వరసలో అందరికంటే వెనక నడిచే డచ్చాయన మెళ్లో ఉంది. "ఇది మీ బాధ్యత, నా దగ్గరికి మాత్రం తేకండి," అని చెప్పి ఇచ్చాడు. ఆయన దాన్ని రాజముద్రలా పట్టుకుని నడిచాడు.

మూడో రోజు కొండ నెత్తిన పొగమంచు కమ్మింది. రెండు నదుల నీళ్లూ అటొకటి ఇటొకటి విడిపోయే చోటు అది. అక్కడ ఎగువ అంటూ ఏమీ మిగలదు, ఎటు చూసినా దిగువే. సంగావ్ అందర్నీ కూర్చోమన్నాడు. దుకుని ఒక కొమ్మకి తగిలించాడు. డచ్చాయన మెళ్లోంచి దిక్సూచి తీసుకుని, ఇరవై అడుగులు పక్కకి వెళ్లి, మంచులో వీళ్లకి వీపు పెట్టి నిలబడ్డాడు.

తిరిగొచ్చి దుకు కట్టుకున్నాడు.

"ఏం చెప్పింది?" అన్నాడు డచ్చాయన.

"నేననుకున్నదే చెప్పింది," అన్నాడు సంగావ్. "నేర్చుకుంటోంది."