నురగ ఆగేదాకా

నా చిన్నప్పుడు ఒక శ్రావణంలో గోదావరికి వరద వచ్చింది. నది మధ్య లంకలో ఉన్న అమ్మమ్మను తీసుకురావడానికి వెళ్ళిన మా అమ్మ అక్కడే చిక్కుకుపోయింది. మర్నాడు పొద్దున్నే సైకిలు మీద ఒకాయన వచ్చి, లంకవాళ్ళను పడవల్లో గట్టు మీదికి చేర్చామని, ఆ గట్టు కూడా కోసుకుపోతోందని, లారీ వెంటనే పంపమని చెప్పి వెళ్ళాడు.

మా పెదనాన్నగారికి కొబ్బరికాయలు తోలే లారీలు రెండుండేవి. ఒకటి గేరుబాక్సు విరిగి షెడ్డులో పడి ఉంది. రెండోదానికి ఇంజనుకు డీజిల్ అందించే పంపు ముందురోజే పాడయింది. రెండూ ఒకే రకం బళ్ళు. అందుకని షెడ్డులో లారీ పంపు విప్పి రెండోదానికి బిగించడం మొదలుపెట్టారాయన. నేను షెడ్డులోకీ వీధిలోకీ తిరుగుతూనే ఉన్నాను. కూర్చుంటే కాళ్ళు ఆగవు. ఒక్కో బోల్టు ఊడేసరికి పూట గడిచినట్టుండేది.

పంపు మారాక గొట్టాల్లో చేరిన గాలి తీసెయ్యాలి. లేకపోతే ఇంజను కాసేపు తిరిగి ఆగిపోతుంది. ఆయన కింద కూర్చుని చేత్తో పంపు కొడుతుంటే, పైన వదులు చేసిన మర దగ్గర గాలితో కలిసి డీజిల్ నురగలా వచ్చేది. బంపరెక్కి ఆ నురగ ఎప్పుడు ఆగుతుందో చూసి చెప్పడం నా పని.

"ఆగిందా అమ్మా?"

ఆగలేదు. బుడగలు వస్తూనే ఉన్నాయి. నా మనసంతా గట్టు మీద ఉంది.

"ఆయ్, ఆగిందండీ" అన్నాను.

ఆయన మర బిగించేశారు. నేను ఏడ్చి మరీ ఆయన పక్కన ఎక్కాను. ఊరి చివర కాలువ వంతెన దాటుతుండగా లారీ రెండు కుదుపులు కుదిపి ఆగిపోయింది. దిగి మర వదులు చేస్తే మళ్ళీ అదే నురగ.

"అబద్ధం చెప్పేనండి. అప్పుడు ఆగలేదండి."

చెంప పగులుతుందనుకున్నాను. ఆయన చేతులు లుంగీకి తుడుచుకుని, "నాకూ కంగారేనమ్మా, నేనూ చూసుకోలేదు. ఎక్కు. ఈసారి నువ్వు చెప్పేదాకా కొడతాను" అన్నారు.

రెప్ప వెయ్యకుండా చూశాను. "ఇంకా ఉందండీ" అని మూడుసార్లు చెప్పాను. ఆయన విసుక్కోలేదు. నాలుగోసారి డీజిల్ తేటగా, బుడగ లేకుండా జారింది.

గట్టుకూ ఊరి బడికీ రెండుసార్లు తిరిగాం. రెండోసారికి గట్టు ఆ చివర నీళ్ళు పొర్లుతున్నాయి. అమ్మమ్మను ఎత్తి లారీలోకి అందించి అమ్మా ఎక్కింది. గట్టు మీద ఎవరూ మిగలలేదు.

అరవై దాటినా నా కంగారు పూర్తిగా పోలేదు. కాని నా దగ్గర ఎవరైనా పని చెడగొట్టి, తప్పు ఒప్పుకుని తల వంచుకుంటే, ఆ పనిని మళ్ళీ వాళ్ళ చేతికే ఇస్తాను. ఇచ్చి, పక్కనే ఉంటాను.