ముందు భాగం మాత్రమే కడిగిన కారు

మొన్న ఆదివారం మా అపార్ట్‌మెంటు కింద పక్కింటాయన కారు తలుపులకు అంటిన తారు మరకల్ని కిరసనాయిలు గుడ్డతో రుద్దుతున్నాడు. కూరగాయల సంచి పట్టుకుని మెట్లు దిగుతున్న నాకు ఆ వాసన, దాని వెంటే సబ్బునీళ్ళ వాసన తగిలాయి. ఉన్నచోటే ఆగిపోయాను. ఆయన తలెత్తి, “ఏమన్నా కావాలా మేడమ్?” అని అడిగాడు. ఏమీ లేదన్నాను గాని, నా చూపు అప్పటికే కారు ముందు జాలీ మీదికి పోయింది. ఇన్నేళ్ళయినా ఎవరు ఏ కారు కడుగుతున్నా నేను మొదట చూసేది అక్కడే. ఎందుకో చెప్పాలంటే మదనపల్లెలో నేను అద్దెకున్న ఇంటి యజమానురాలు నాగరత్నమ్మగారి గురించి చెప్పాలి.

తొంభైల మధ్యలో నాకు మదనపల్లె టెలిఫోన్ ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. మాది కుప్పం దగ్గర ఒక పల్లె. ఒంటరి ఆడపిల్లకు గది ఇవ్వడానికి ఊళ్ళో చాలామంది వెనకాడుతున్న రోజుల్లో నాగరత్నమ్మగారు నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగకుండా మేడమీది గది తాళంచెవి చేతిలో పెట్టారు. ఆమె భర్త టమోటా మండీ నడిపేవారట. ఆయన హఠాత్తుగా పోతే మండీని, తెల్ల అంబాసిడర్ కారును రెంటినీ ఆమే చేతిలోకి తీసుకున్నారు. నలభై దాటాక డ్రైవింగు నేర్చుకున్నారు. ఆ ఊళ్ళో అప్పట్లో కారున్న ఇళ్ళ ఆడవాళ్ళు వెనకసీట్లో కూర్చునేవాళ్ళు. ఈమె మాత్రం పొద్దున్నే చీర కొంగు నడుముకు బిగించి, స్టీరింగు ముందు కూర్చుని, హారను కొట్టుకుంటూ మండీకి పోయేవారు.

అంతకన్నా నాకు వింతగా తోచింది ఆదివారం సంగతి. నేను చేరిన మొదటి వారమే, మేడమీద నుంచి చూస్తే ఆమె కుచ్చిళ్ళు పైకి దోపుకుని, నేలమీద గొంతుక్కూర్చుని, కారు చక్రాల సందుల్లో వేళ్ళు పెట్టి బురద తీస్తున్నారు. నోరు తెరుచుకుని దిగి వచ్చాను. “మండీలో అంతమంది ఉండగా మీరెందుకమ్మా?” అన్నాను. ఆమె తలెత్తకుండానే, “వాళ్ళు కడిగితే మెరుస్తాది, అంతే. నేను కడిగితే యాడ గీత పడిందో, యాడ నట్టు వదులైందో నాకు తెలస్తాది. ఊరికే సూస్తా నిలబడొద్దు, ఆ గుడ్డ తీసుకో” అన్నారు. ఆ రోజు నుంచి ఆదివారం పొద్దు నాది కాకుండా పోయింది.

మదనపల్లెలో కొళాయి నీళ్ళు ఎప్పుడొస్తాయో తెలియని కాలం. అందుకని ఆమెది పొదుపైన పని. ముందు పైకప్పు మీద నుంచి మగ్గుతో నీళ్ళు జార్చి దుమ్ము దించాలి. పొడి దుమ్ము మీద గుడ్డ వేస్తే ఊరుకునేవారు కాదు. తర్వాత సబ్బునీళ్ళు, పాత బనీను గుడ్డ. చక్రాల గుడ్డ వేరు, అద్దాల గుడ్డ వేరు. తారు మరకలకు కిరసనాయిలు. అన్నీ ఆరాక డబ్బాలోని మైనం రాసి, మెత్తని గుడ్డతో గుండ్రంగా తిప్పుతూ పోతే మా ఇద్దరి ముఖాలూ బానెట్ మీద కనబడేవి. చివరకు లోపలి కాళ్ళకింది పట్టాలు తీసి గోడకేసి కొట్టడం నా వంతు. పని అయ్యాక ఆమె నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఊరి బయటికి తీసుకుపోయి స్టీరింగు నా చేతికిచ్చేవారు. బండి గుటుక్కుమని ఆగిపోయినప్పుడల్లా ఏడుపొచ్చేది. “ఆగిపోతే ఏమాయె? మళ్ళా తిప్పు తాళం” అనేవారు. తల్లిదండ్రుల దగ్గర కూడా నాకు అంత ఓపిక దొరకలేదు.

ఆమెకు ఒక్కడే కొడుకు, శేఖర్. మెత్తనివాడు. నన్ను అక్కా అని పిలిచేవాడు. మండీ పనుల్లో తల్లికి తోడుగా ఉండేవాడు గాని, కారు కడగడమంటే మాత్రం ఆమడ దూరం. కుప్పంలో అతనికి సంబంధం కుదిరింది. ఒక శనివారం పెళ్ళి మాటల కోసం మేనమామతో కలిసి కారులో కుప్పం పోయాడు. మేనమామ అక్కడే ఉండిపోతే, శేఖర్ ఒక్కడే మర్నాడు చీకటితోనే బయలుదేరి వచ్చాడు.

ఆదివారం నేను కిందికి దిగేసరికి అతనే కారు ముందు కూర్చుని కడుగుతున్నాడు. నాకు నవ్వొచ్చింది. పెళ్ళి కుదిరితే మనిషి ఇంతలా మారతాడా అనుకున్నాను. నాగరత్నమ్మగారు చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చారు. కొడుకు చేతిలో గుడ్డ చూసి ఆమె ముఖం వెలిగింది. “ఏమిరా, ఈ పొద్దు కొత్తగా! లే, నేను కడుగుతా. నువ్వు పోయి టిఫిన్ తిను” అన్నారు. “అయిపోయింది లేమా” అన్నాడతను. లేవలేదు.

ఆమె మగ్గు నిండా నీళ్ళు ముంచి పైకెత్తారు. ఎత్తిన చేయి అట్లాగే ఆగింది. పైకప్పు మీద దుమ్ము దుమ్ముగానే ఉంది. తలుపుల మీద బురద ఎండిపోయి ఉంది. ముందు భాగం మాత్రమే తళతళలాడుతోంది. కుడివైపు దీపం చుట్టూ రేకు లోపలికి నొక్కుకుపోయింది. ఆమె వంగి జాలీ దగ్గర ముఖం పెట్టారు. నేనూ దగ్గరికి పోయాను. అప్పుడు నాకూ తగిలింది. పొయ్యి మీద పాలు పొంగి మాడిన వాసన. ఆమె జాలీ సందులో వేలు పెట్టి తీస్తే, వేడికి విరిగి ఎండిన పాల తునకలు గోటికి అంటుకుని వచ్చాయి.

“ఏమిరా ఇది?”

“కుక్క అడ్డమొచ్చింది మా, పుంగనూరు దాటినాక.”

“కుక్క పాలు మోస్తాదా?”

శేఖర్ ఉన్నచోటే నేలమీద కూలబడ్డాడు. “సైకిలు మా. మబ్బు చీకట్లో కనపళ్ళా. ఎదురుగా లారీ లైట్లు కండ్లలో కొట్నాయి” అన్నాడు.

“దిగి సూసినావా?”

“లేదు మా. భయమేసింది. అద్దంలో సూస్తే ఆయప్ప కదిలినట్లే ఉండె.”

“కదిలినట్లే ఉండె” అని ఆమె అతని మాటనే తిరిగి అన్నారు. ఆమె చేతిలో నిండు మగ్గు, నా చేతిలో పొడి గుడ్డ. మేడమీదికి పోవాలనుంది, ఈ ఇంటి విషయం నాకెందుకు అనిపించింది. కాని నేలకు అతుక్కుపోయినట్టు ఉండిపోయాను. ఆమె ఒకసారి జాలీ వైపు చూశారు. ఒకసారి నా వైపు చూశారు. మగ్గులోని నీళ్ళు పక్కన మట్టిలో పారబోశారు, సగం ఆమె చీర మీదే పడ్డాయి.

“ఇంక దీనికి ఒక్క సుక్క నీళ్ళు తగలగూడదు. ఎక్కరా వెనకాల. లలితా, నువ్వు గూడా రామ్మా.”

తడిసిన చీరతోనే ఆమె బండి తీశారు. వెనక శేఖర్ చేతుల్లో ముఖం దాచుకుని ఏడుస్తున్నాడు. ఇంజను వేడెక్కేకొద్దీ మాడిన పాల వాసన లోపలంతా నిండిపోయింది. పుంగనూరు ఇంకా కొంతదూరం ఉందనగా రోడ్డు పక్కన నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. చెట్టుకు ఆనించిన సైకిలు ముందు చక్రం వంకర పోయింది. సొట్టబడిన పాల క్యాను పక్కన పడి ఉంది. నాగరత్నమ్మగారు దిగి, ఆ మనిషి యాడ ఉండాడని అడిగారు. పక్కనే ఉన్న టీ అంగడి ఆమె చెప్పింది: “మునెప్ప గదమ్మా, ట్రాక్టర్లో పుంగనూరు ఆసుపత్రికి తీసకపోయినారు. పానం ఉండాది. ఎవుడో కారోడు కొట్టేసి ఆపకుండా పాయె. వాణ్ణి కన్న తల్లి యాడుందో గాని…”

“నేనేమ్మా వాని తల్లిని” అన్నారు నాగరత్నమ్మగారు.

టీ అంగడి ఆమె చేతిలోని గ్లాసు కింద పెట్టేసింది. తిట్టడానికి సిద్ధంగా ఉన్నవాళ్ళు ఆమె తడి చీరను, వెనకసీట్లోని పిల్లవాణ్ణి చూసి పక్కకు తప్పుకుని దారి ఇచ్చారు.

మునెప్పకు తొడ ఎముక విరిగిందని ఆసుపత్రిలో తెలిసింది. ఆలస్యం చేస్తే కాలు తీసేయాల్సి వస్తుంది, వెంటనే పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మని డాక్టరు చెబుతున్నాడు. తీసుకుపోవడానికి ఏమీ లేక అతని భార్య గోడకు ఆనుకుని నిలబడి ఉంది. కారు పోలీసులకు అప్పగించాల్సిందే గనుక నాగరత్నమ్మగారు నన్ను జీపు మాట్లాడటానికి పంపి, ఆ వ్యవధిలో కొడుకును స్టేషనుకు నడిపించారు. మునెప్పను, అతని భార్యను జీపులో ఎక్కించుకుని నేను స్టేషనుకు పోయేసరికి అక్కడి అధికారి ఆమెకు నచ్చజెబుతున్నాడు. “నంబరు ఎవురూ సూడ్లేదమ్మా. పెండ్లి కావల్సిన పిల్లోడు. ఇంటికి పోయి బాగా ఆలోచన చేసుకోండి.”

“ఆలోచన చేస్తే ఇంట్లోనే ఉండిపోతానప్పా. అందుకే చెయ్యలే. రాసుకో” అన్నారామె. శేఖర్ తన తల్లి ముఖంలోకి చూసిన చూపు నేను మరిచిపోలేదు. ఆమె అతని తలమీద చేయి పెట్టి, వెంటనే తీసేసి, జీపెక్కి మునెప్ప తల ఒళ్ళో పెట్టుకున్నారు.

మునెప్ప కాలు దక్కింది. కుంటు మాత్రం మిగిలింది. శేఖర్‌కు కొన్ని నెలల శిక్ష పడింది. కుప్పం సంబంధం తప్పిపోయింది. ఊళ్ళో ఆమెను మెచ్చుకున్నవాళ్ళకన్నా, కన్నతల్లి చేసే పనేనా అని ముఖం తిప్పుకున్నవాళ్ళే ఎక్కువ. ఆమె తమ్ముడే గుమ్మం తొక్కడం మానేశాడు. శేఖర్ విడుదలయ్యాక ఇంటికి రాలేదు. కుప్పంలో ఒక గ్రానైట్ యార్డులో పనికి కుదిరాడని ఎవరో చెబితే తెలిసింది. కారు తిరిగొచ్చాక మేమిద్దరం ఆదివారాలు మళ్ళీ కడిగేవాళ్ళం. ఆమె ముందు వైపు కడిగేటప్పుడు నేను వెనక్కి పోయేదాన్ని. అంతకు మించి ఆ సంగతి మా మధ్య ఎప్పుడూ రాలేదు.

రెండువేల సంవత్సరం దాటాక నాకు కుప్పం బదిలీ అయింది. కొన్నాళ్ళకు శేఖరే మా ఆఫీసుకు వచ్చి, “అక్కా, అమ్మ మా ఇంట్లో ఉండాది. నిన్ను సూడాలంటాంది” అన్నాడు. అక్కడే పెళ్ళి చేసుకున్నాడట. పాప పుట్టాక తనే మదనపల్లె పోయి తల్లిని తీసుకొచ్చాడట. దారిలో నేను ఏమీ అడగకుండానే, “ఇప్పటికీ కోపం వస్తాదక్కా. కానీ నిద్ర పడతాది” అన్నాడు.

ఆమె వరండాలో మనవరాలిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నారు. బాగా చిక్కిపోయారు. చాలాసేపు ఆ మాటా ఈ మాటా అయ్యాక, ఎన్నాళ్ళుగానో లోపల ఉన్నది అనేశాను: “ఆ పొద్దు మీకున్న ధైర్యం ఇంకొకరికి ఉండదమ్మా.”

ఆమె నన్ను వింతగా చూశారు. “ధైర్యమా? నీళ్ళు పోసేద్దామనే మగ్గెత్తినా. ఒక్క మగ్గు నీళ్ళకు ఆ పాలు పోయుండేవి. నువ్వు ఆడ నిలబడి ఉండావు గదా తల్లీ. ఒంటిగా ఉండింటే పోసేసి ఉందును.”

ఆ రోజు కొడుకును స్టేషనులో అప్పగించినప్పుడు కూడా నేను ఇంతగా అదిరిపోలేదు. నేనేమీ అనలేదే, ఏమీ చేయలేదే! మేడమీదికి పోదామనుకుంటూ, భయంతో కాళ్ళు కదలక ఉండిపోయినదాన్ని. నేను పోయి ఉంటే మునెప్పకు కాలు ఉండేది కాదు, శేఖర్‌కు ఈ నిద్ర ఉండేది కాదు, నేను ఇన్నేళ్ళు దండం పెట్టుకున్న నాగరత్నమ్మగారు ఉండేవారు కాదు. ఆమె మాత్రం మామూలుగా పాప జుట్టు సవరిస్తూ, “కాఫీ తాగిపో” అన్నారు.

ఆ మరుసటి ఏడాది ఆమె పోయారు. నేనూ ఈ మధ్యనే రిటైరయ్యాను. ఆఫీసులో గాని, బంధువుల ఇళ్ళలో గాని, ఎవరైనా ఒక తప్పును కప్పెయ్యాలా వద్దా అని ఊగిసలాడే చోట్లు ఎన్నో తగిలాయి. ప్రతిసారీ, ఇది నా విషయం కాదు, పోదాం అనే అనిపిస్తుంది. అయినా పోను. నీతులు చెప్పను, వేలెత్తి చూపను. ఆ మనిషికి కనబడేంత దగ్గరలో, ఊరికే నిలబడి ఉంటాను.