వదిన కలిపిన అంబలి

పొయ్యి రాజేస్తుంటే పక్కింటి గుంట వచ్చి గుమ్మంలో నిలబడింది. "మామ్మా, పెద్దమామ్మ లేవనేదు. ఆస్పత్రి జీపుకి కబురెట్టేలోగానే అయిపోనాది" అంది. ఊదుగొట్టం చేతిలో ఉండగానే పరిగెత్తాను. వదిన గోడవైపు తిరిగి ముడుచుకుని పడుకుని ఉంది. చలేస్తోందేమోనని దుప్పటి సర్దాను. ఇంక ఆమెకు చలేమిటని తర్వాత తోచింది.

ఆమె నాకు చుట్టం కాదు. పక్కపక్క ఇళ్లు, ఒకే ప్రార్థన మందిరం. వరసకి వదిన అనుకున్నాం, అంతే. డుంబ్రిగుడ సంతకి కలిసి నడిచేవాళ్లం. నాది దారంతా బెంగే. తలుపు వేశానో లేదో, ఆరబోసిన కాఫీ గింజలు తడుస్తాయో ఏమో, మా పెద్దోడు బండి ఎలా తోలుతున్నాడో, ఎవరితో గొడవ పెట్టుకుంటాడో. వదిన నవ్వేది. "ఏటే మరదలా, అన్నీ నువ్వే మోసేస్తే దేవుడికేటి పని? కొంచెం ఆయనకీ ఒగ్గియ్యి" అనేది.

మీరు నమ్ముతారో లేదో, నేను భయపడ్డవాటిలో ఒకటి నిజంగానే జరిగింది. సర్పంచి ఎన్నికల్లో వదిన కొడుకు ఒక పార్టీ వైపు, మా పెద్దోడు ఇంకో పార్టీ వైపు నిలబడ్డారు. ఆమె కొడుకు గెలిచాడు. ఆ తర్వాత ఇద్దరూ మందిరంలో కూడా వందనం చెప్పుకోలేదు. రెండు పార్టీలవాళ్ల చాపలూ చెరో వైపు అయ్యాయి. ఒకే పాట పాడుతూ ఒకరి మొహం ఒకరు చూసుకోని మనుషుల మధ్య కూర్చోవడం ఎంత కష్టమో చెప్పలేను.

"ఓటెవులకేసినావు వదినా?" అని ఒకసారి అడిగాను.

"నా కొడుక్కే ఏసినాను. అబద్దమెందుకు? పార్థన మాత్రం ఇద్దరికీ సేసినాను."

"ఇద్దరూ ఎలా గెలుత్తారు?"

"గెలవాలని కాదే. ఇద్దరూ మనుసుల్లాగ మిగలాలని."

మా మందిరానికి దూరపు గూడేల నుంచి నడిచి వస్తారు. ఆరాధన అయ్యాక అందరూ తెచ్చిన చోడి అంబలి, అదే రాగి అంబలి, ఒక కుండలో పోసుకుని తాగడం మా అలవాటు. ఎన్నికల తర్వాత ఎవరి క్యాను వాళ్లే తెరుచుకోవడం మొదలైంది. వదిన లేచింది. తను కూర్చునే చోట గోడ మేకుకి వేలాడే సత్తు గిన్నె తీసి, "ఒక గరిటె పొయ్యి బాబూ" అంటూ రెండు చాపల మధ్యా తిరిగింది. అంతా కలిపి, మళ్లీ అందరి గ్లాసుల్లోనూ వంచింది. "సెప్పులు గుమ్మం బయట ఒగ్గేసినాం కదా, జెండాలూ అక్కడే ఉండనీండి. ఎవులూ ఎత్తుకుపోరు" అంది. ఎవరో నవ్వారు. మా పెద్దోడు నవ్వలేదు గానీ తాగాడు. అప్పటి నుంచి ప్రతి ఆదివారం అంతే. మాటలు కలవలేదు, అంబలి కలిసింది.

ఆమెను పూడ్చిన రోజు సన్నగా వాన. మా పెద్దోడు వస్తాడో రాడోనని నా ప్రాణం కొట్టుకుంది. వచ్చాడు. దూరంగా కాఫీ తోట అంచున నిలబడి, ఆఖరున గుప్పెడు మట్టి వేసి వెళ్లిపోయాడు. మిగిలినవాళ్లూ ఎవరి గుంపుతో వాళ్లు, ఎవరి దారిన వాళ్లు దిగిపోయారు. ఆమెతోపాటే ఆ కలిపిన అంబలీ పోయిందనుకున్నాను.

తర్వాతి ఆదివారం ఆరాధన అయింది. క్యాన్ల మూతలు తీస్తున్న చప్పుడు. గిన్నె మేకుకే ఉంది. ఎవరూ లేవలేదు. ఖాళీ గిన్నెతో తిరిగి రావాల్సి వస్తే ఏం చేయాలనే భయంతోనే లేచి, దాన్ని తీశాను. ముందు వదిన కొడుకు దగ్గరికి వెళ్లాను. వాడు గిన్నె చూసి క్యాను మొత్తం వంచేశాడు.

అక్కడి నుంచి మా పెద్దోడి దగ్గరికి. నిండు గిన్నెలోంచి అంబలి నా చీర మీద ఒలికింది. వాడు తన మూత తియ్యలేదు. నేను అలాగే నిలబడ్డాను. "పెద్దమ్మ గిన్నెరా" అన్నాను.

వాడు గ్లాసు చాపాడు. ఎవరింటి అంబలో వాడికి తెలుసు. తల ఎత్తకుండా తాగాడు.

అందరూ వెళ్లాక గిన్నె కడిగి మేకుకి తగిలించాను. దాని అంచు నుంచి ఒక్కో చుక్కా, వదిన కూర్చునే చోట పడుతూ ఉంది.